డ్యూటీ దిగిన తరువాత: నర్సుల ఉత్తరాలకు సమాధానాలు

ఈ శీర్షికకు ఇటీవల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా నర్సులు రాసినవే కావడం వల్ల, ఈసారి పుటలన్నీ వారికే ఇవ్వమని సంపాదకులను కోరాను. వార్డులలోనూ, ఆ తరువాత నర్సింగ్ స్కూలులో ట్యూటర్‌గానూ కలిపి 32 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని కనుక, ఈ ఉత్తరాలలోని అలసట నాకు కొత్తది కాదు. ఉత్తరాలను కుదించి, పేర్లు, ఊళ్లు తొలగించి ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 29. ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సును. నెలకు పది పన్నెండు నైట్ డ్యూటీలు పడతాయి, ఒక్కొక్కటి పన్నెండు గంటలు. ఉదయం ఇంటికి వచ్చాక పాపకు జడ వేసి బడికి పంపాలి, అత్తమామలకు టిఫిన్ పెట్టాలి, వంట చేయాలి. మధ్యాహ్నం మూడు గంటలు నిద్ర పడితే గొప్ప. ఒకప్పుడు పేషెంట్లతో ఎంతో ఓపికగా ఉండేదాన్ని. ఇప్పుడు బెల్ మోగితేనే కోపం వస్తోంది. మొన్న ఒక పెద్దాయన మూడోసారి మంచినీళ్లు అడిగితే కసిరాను. ఆయన "సరేలే అమ్మా, తరువాత తాగుతాను" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు. నేను చెడ్డ నర్సునయ్యానా? మా ఆసుపత్రి వారు ఒత్తిడి తగ్గడానికని యోగా తరగతి పెట్టారు గానీ, అది నేను నైట్ దిగిన రోజు ఉదయం పది గంటలకు పెట్టారు.

సమాధానం: ముందు ఆ పెద్దాయన సంగతి చూద్దాం. ఆయన ఇంకా వార్డులోనే ఉంటే, రేపు డ్యూటీ ఎక్కగానే ఒక గ్లాసు నీళ్లతో ఆయన మంచం దగ్గరకు వెళ్లి, "ఆ రోజు విసుక్కున్నాను, మనసులో పెట్టుకోకండి" అని చెప్పండి. డిశ్చార్జ్ అయి వెళ్లిపోయి ఉంటే, ఈ ఉత్తరం రాయడంతోనే ఆ పని సగం చేశారనుకోండి. మీరు చెడ్డ నర్సు కాలేదు, చాలాకాలంగా నిద్ర లేని నర్సు అయ్యారు. ఈ రెండింటినీ మీరు ఒకటిగా అనుకుంటున్నారు కనుక ఈ సమాధానం కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ రోజును ఒకసారి గంటలలో లెక్క వేయండి. మధ్యాహ్నం పడుకుని నాలుగింటికి లేచారు, రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కారు, మరునాడు ఉదయం తొమ్మిదింటికి స్కూటీ మీద ఇంటిదారి పట్టారు. అప్పటికి మీరు 17 గంటలుగా మెలకువగా ఉన్నారు. అన్ని గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి చురుకుదనంతో దాదాపు సమానంగా పడిపోతుందని 1990లలోనే పరిశోధకులు కొలిచి చూపారు. మన మోటారు వాహనాల చట్టం 30 మిల్లీగ్రాములు దాటితే చాలు, బండి నడపడం నేరమంటుంది. వరుసలో మొదటి నైట్ అయితే పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే ఆ రోజు ఉదయం ఆరింటికే లేచి ఉంటారు కనుక డ్యూటీ దిగే వేళకు 26 గంటలు నిండుతాయి. నేను చూసినంతలో, ఇటువంటి స్థితిలో ఉన్న మనిషికి మొదట పోయేది ఓపిక, ఆ తరువాత జ్ఞాపకం, ఆ తరువాత చేతి పనిలో కచ్చితత్వం. మీకు ఇప్పటికి అది ఓపిక దగ్గరే ఆగినట్టుంది.

నా విషయంలో అది అక్కడ ఆగలేదు. నాకు 26 ఏళ్లప్పుడు, నైట్‌కు రావలసిన అమ్మాయి రాకపోవడంతో, ఈవినింగ్ ముగించి నైట్ కూడా నేనే చేశాను. తెల్లవారుజామున నాలుగున్నరకు, ఒక యాంటీబయాటిక్ పొడిని కరిగించడానికి డిస్టిల్డ్ వాటర్ అనుకుని ట్రేలోంచి ప్లాస్టిక్ ఆంపూల్ (చిన్న మందు బుడ్డి) తీసి, దాని మెడ తిప్పి విరిచి, పది మిల్లీలీటర్లూ సిరంజిలోకి లాగాను. పక్కనే ఉన్న సీనియర్ సిస్టర్ ఏమీ మాట్లాడకుండా నా మణికట్టు పట్టుకుంది. ఆంపూల్ మీద పొటాషియం క్లోరైడ్ అని ఉంది. పలుచన చేయకుండా నరంలోకి ఒక్కసారిగా ఇస్తే గుండె ఆగిపోయే మందు అది. విచిత్రమేమిటంటే, ఆ అక్షరాలను నేను చదివిన సంగతి నాకు గుర్తుంది. కళ్లు చదివిన దానిని మెదడు డిస్టిల్డ్ వాటర్‌గానే తీసుకుంది. మరునాడు నాకు మెమో వచ్చింది. వరుసగా 18 గంటలు ఒకే మనిషి చేత ఎందుకు చేయించారని ఎవరూ అడగలేదు. ఆ రెండు రకాల ఆంపూళ్లు ఆ తరువాత కూడా చాలా నెలలు అదే ట్రేలో పక్కపక్కనే ఉన్నాయి. నర్సు తనను తాను చూసుకోవడం గురించి ఎవరైనా తీరిక ఉన్నవాళ్ల ముచ్చటగా మాట్లాడినప్పుడు, నాకు ఆ మణికట్టు మీది పట్టు గుర్తుకు వస్తుంది. మీ నిద్ర మీ పేషెంటుకు ఇచ్చే మందులో ఒక భాగం.

మీ ఉత్తరంలో కనబడే తీరని అలసట, పేషెంట్ల పట్ల దూరం, నేను పనికిరాననే భావన, ఈ మూడూ కలిస్తే దానికి బర్న్‌అవుట్ అని పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో దానిని చేర్చి, అది రోగం కాదనీ, పని చోట చాలాకాలం సర్దుబాటు కాని ఒత్తిడి వల్ల కలిగే స్థితి అనీ నిర్వచించింది. నిర్వచనంలోనే పని చోటు ఉన్నప్పుడు, మందును మీ ఒక్కరి ఇంట్లోనే వెతకడం న్యాయం కాదు. యోగా మంచిదే, నేనూ చేస్తాను. కానీ మీకు ఉదయం పదింటికి కావలసింది చీకటి గది. ఆ తరగతిని నైట్ దిగిన రోజున పెట్టవద్దని, మీలాగే నైట్లు చేసే నలుగురు కలిసి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక్కరు అడిగితే ఫిర్యాదు అనుకుంటారు, నలుగురు అడిగితే చార్టు మారుతుంది.

మీ చేతిలో ఉన్నవి కొన్ని చెబుతాను. వరుసలో మొదటి నైట్‌కు వెళ్లే రోజు మధ్యాహ్నం గంటన్నర పడుకోండి. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య ఒంటి వేడి, చురుకుదనం రెండూ అడుగుకు చేరతాయి కనుక, ఆ వేళకు ముందే, ఒకరు వార్డు చూస్తుండగా మరొకరు 20 నిమిషాలు కునుకు తీసే ఏర్పాటును ఇన్‌ఛార్జ్‌కు తెలిపి చేసుకోండి. అరగంట దాటితే లేచాక మత్తు వదలదు. టీ, కాఫీల ప్రభావం సగానికి తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది, కాబట్టి రాత్రి రెండు గంటలు దాటాక టీ తాగితే అది ఇంటి దగ్గర మీ నిద్రను తింటుంది. ఉదయపు ఎండ కళ్లలో పడితే శరీరం పగలు మొదలైందనుకుంటుంది గనుక నల్లద్దాలు పెట్టుకోండి, వీలైనన్ని రోజులు స్కూటీ బదులు బస్సులోనో షేర్ ఆటోలోనో రండి. ఇంటికి రాగానే ఏదైనా తేలికగా తిని, తొమ్మిదిన్నరకల్లా పడుకోండి. వంట నిద్ర లేచిన తరువాత.

ఇక్కడే అసలు చిక్కు ఉందని నాకు తెలుసు. నైట్ దిగి ఇంటికి వచ్చిన కోడలు ఇంట్లో వాళ్ల కళ్లకు సెలవులో ఉన్న మనిషిలా కనబడుతుంది. మీ అత్తగారితో గొడవ పడమని నేను చెప్పను. మీ భర్త, అత్తమామలు ముగ్గురూ ఇంట్లో ఉన్న సాయంత్రం డ్యూటీ చార్టు ముందు పెట్టి, నెలలో ఆ పదీ పన్నెండు ఉదయాలను ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ రోజులలో పాప జడ, బడి, టిఫిన్ ఎవరు చూస్తారో వారి చేతనే చెప్పించి, ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించండి. "మీ కోడలు నిద్ర లేకుండా ఒకరికి మందు ఎక్కిస్తోంది అత్తయ్యా" అని ఒక్కసారి చెప్పి చూడండి. పెద్దవాళ్లు మనం అనుకున్నంత మొండివాళ్లు కారు, వాళ్లకు విషయం ఇలా చెప్పినవాళ్లు లేరంతే.

ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఎందరికో రక్తం తీసే మనం మన రక్తం ఎప్పుడు పరీక్షించుకున్నామో చెప్పలేము. నిద్ర సరిపడా పోయినా రెండు వారాలకు మించి దిగులు, ఏడుపు, ఏ పని మీదా మనసు లేకపోవడం ఉంటే, 14416కు ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ. తెలుగులో మాట్లాడతారు, ఏ వేళలోనైనా పలుకుతారు, డబ్బు తీసుకోరు.

ప్రశ్న: నిన్న రాత్రి కాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం) పెట్టి సూది వెనక్కి తీసేటప్పుడు అది నా వేలికి గుచ్చుకుంది. పేషెంటుకు ఏమైనా ఉందో లేదో తెలియదు. కొత్తగా చేరినదాన్ని, చెబితే నిర్లక్ష్యం అంటారని ఇన్‌ఛార్జ్‌కు చెప్పలేదు. ఏం చేయాలి?

సమాధానం: ఈ ఉత్తరం ఈమెయిల్‌లో వచ్చింది గనుక అదే రోజు సమాధానం పంపాను. అందరికీ పనికివస్తుందని ఇక్కడ మళ్లీ ఇస్తున్నాను. గుచ్చుకున్న వెంటనే పారే నీటి కింద సబ్బుతో కడగాలి, నొక్కి రక్తం పిండకూడదు. వెంటనే ఇన్‌ఛార్జ్‌కు చెప్పి, రిజిస్టరులో సమయంతో సహా రాయించాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులను వీలైతే రెండు గంటలలోపు మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే అవి పనిచేయవు. మొదలుపెడితే 28 రోజులు మానకుండా వాడాలి. ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాలలో వీటిని ఉచితంగా ఇస్తారు. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ పూర్తికాకపోతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, ఎందుకంటే టీకా లేని మనిషికి సూది ద్వారా సోకే ప్రమాదం హెచ్‌ఐవీ కంటే హెపటైటిస్ బీకే ఎన్నో రెట్లు ఎక్కువ. టీకా వేయించుకున్నవారు కూడా అది పట్టిందో లేదో తెలిపే రక్తపరీక్షను మూడో డోసు తరువాత ఒకటి రెండు నెలలకు చేయించుకోవాలి. మన వాళ్లు చాలామంది వదిలేసేది ఈ పరీక్షనే.

నిర్లక్ష్యం అంటారేమోనన్న భయం గురించి ఒక్క మాట. రిజిస్టరులో రాయని గాయానికి పరిహారమూ ఉండదు, సాక్ష్యమూ ఉండదు. మందలింపు ఒక రోజులో పోతుంది.

ప్రశ్న: నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను. వయసు 34, అనుభవం పదేళ్లు. నా తరువాత వచ్చిన బీఎస్సీ పిల్లలు ఇన్‌ఛార్జ్‌లవుతున్నారు. జీతం అంతంతమాత్రం. ఇంకా చదవాలా? చదివితే ఏది చదవాలి? ఇంట్లో "ఈ వయసులో చదువేమిటి" అంటున్నారు.

సమాధానం: చదవండి. అయితే ఏ కోర్సు అనే ప్రశ్న కంటే ముందు మీరు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. ఈ పదేళ్లలో ఏ పేషెంటు దగ్గర నిలబడితే మీకు గడియారం గుర్తు రాలేదు? పుట్టిన బిడ్డ దగ్గరా, డయాలిసిస్ యంత్రం దగ్గరా, కీమో ఎక్కుతున్న మనిషి దగ్గరా, ఆపరేషన్ థియేటరులోనా? ఆ జవాబు దొరికితే కోర్సు తనంతట అదే తేలుతుంది. అలసటకు విశ్రాంతి ఎంత అవసరమో, పనిలో మళ్లీ కొత్తదనం కనబడడం కూడా అంతే అవసరమని నా అనుభవం. పదేళ్లు ఒకే చోట ఒకే పని చేసి మోడుబారిన సిస్టర్లు, ఒక ఏడాది నవజాత శిశువుల విభాగంలో శిక్షణ పొంది వచ్చాక పూర్తిగా వేరే మనుషులైన సందర్భాలు నేను కళ్లారా చూశాను. జీతం కంటే ముందు వాళ్ల ముఖం మారింది.

మీకు ఉన్న దారులు ఇవి. జీఎన్‌ఎం చేసి రిజిస్ట్రేషన్ ఉన్నవారికి పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు. అది పూర్తయితే బీఎస్సీతో సమానంగా ఎమ్మెస్సీకీ, ట్యూటర్ ఉద్యోగాలకూ అర్హత వస్తుంది. మీ ఉత్తరంలోని బాధ ముఖ్యంగా ఇన్‌ఛార్జ్ పదవి గురించే అయితే ఇదే సరైన దారి. రెండేళ్లు కుదరదనుకుంటే, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న ఒక ఏడాది స్పెషాలిటీ డిప్లొమాలు ఉన్నాయి. క్రిటికల్ కేర్, ఎమర్జెన్సీ, క్యాన్సర్, కిడ్నీ, నవజాత శిశువులు, ఆపరేషన్ థియేటర్, మానసిక ఆరోగ్యం, వృద్ధుల సంరక్షణ వంటివి అందులో వస్తాయి. ఇవి క్లాసులో కూర్చునే చదువులు కావు, ఎక్కువ భాగం వార్డులోనే గడుస్తుంది. బీఎస్సీ, దానికి తోడు కనీసం ఒక ఏడాది అనుభవం ఉన్నవారికి క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అనే రెండేళ్ల పీజీ కోర్సు కూడా ఉంది.

ప్రసవాల గది మీద మనసున్నవారికి మరో దారి కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2018లో మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చి, 18 నెలల నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ శిక్షణను ప్రవేశపెట్టింది. తెలంగాణ అంతకు ముందే, 2017లోనే, కరీంనగర్‌లో ఇటువంటి శిక్షణ మొదలుపెట్టింది. సాధారణ ప్రసవాన్ని మొదటినుంచి చివరిదాకా తన బాధ్యతగా నడిపించే అవకాశం మన వృత్తిలో ఇంకెక్కడా ఇంతగా దొరకదు. నేను ఈ కాలంలో పుట్టి ఉంటే అటే వెళ్లేదాన్ని.

ఏ కాలేజీలో చేరినా, డబ్బు కట్టకముందే దానికి కౌన్సిల్ గుర్తింపు ఆ ఏడాదికి ఉందో లేదో రాష్ట్ర కౌన్సిల్‌లో కనుక్కోండి. హాజరు అవసరం లేదు, డిగ్రీ ఇచ్చేస్తాం అనే చోటికి వెళ్లకండి. ఆ కాగితం రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతుంది. ఎయిమ్స్‌లలో నర్సు ఉద్యోగాల కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించే నార్సెట్ పరీక్ష గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉన్న జీఎన్‌ఎంలు కూడా రాయవచ్చు కానీ, వయోపరిమితి 30. రిజర్వేషన్ సడలింపు వర్తించకపోతే మీకు అది దాటిపోయింది. మీకంటే చిన్నవారు ఈ మాట గుర్తుంచుకుని ఆలస్యం చేయకూడదనే ఇక్కడ రాస్తున్నాను.

జీతం గురించి మీరు తెలుసుకోవలసినది ఒకటి ఉంది. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన నిపుణుల కమిటీ 2016లో ప్రైవేటు నర్సుల జీతాల మీద సిఫారసులు చేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా, 100 దాటితే 10 శాతానికి మించి తగ్గకుండా, 50 నుంచి 100 వరకు 25 శాతానికి మించి తగ్గకుండా, అంతకంటే చిన్న ఆసుపత్రులలో కూడా 20,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలని చెప్పింది. వాటిని అమలులో పెట్టే బాధ్యత రాష్ట్రాలది, అందుకే అవి ఇంకా చాలాచోట్ల కాగితం మీదే ఉన్నాయి. అయినా జీతం పెంచమని అడిగేటప్పుడు, మీ ఆసుపత్రికి ఎన్ని పడకలున్నాయో, ఆ లెక్కన ఎంత రావాలో మీకు తెలిసి ఉండడం ఒక బలం.

చదువుకు వెళ్లలేని ఏడాదిలో కూడా చేయదగిన పని ఒకటి చెబుతాను. బ్రిటన్‌లో ప్రతి మూడేళ్లకు రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవాలంటే నర్సు 35 గంటల శిక్షణతో పాటు, తన పనిలోని అయిదు అనుభవాలను గురించి ఆలోచించి రాసి చూపాలి. మన దగ్గర శిక్షణ గంటలు అడుగుతారు గానీ, రాయమని అడగరు. మీరే ఒక నోటు పుస్తకం పెట్టుకుని, వారానికి ఒకసారి అర పేజీ రాయండి. ఏం జరిగింది, అప్పుడు ఏం చేశాను, మళ్లీ జరిగితే ఏం చేస్తాను, అంతే. పేషెంటు పేరు మాత్రం రాయవద్దు. ఆరు నెలల తరువాత దానిని తిరగేస్తే, మీరు ఏ వార్డు గురించి ఎక్కువ రాశారో చూసి, పైన నేనడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలరు. ఇంట్లో వాళ్లు అడిగినప్పుడు చూపడానికి కూడా అది పనికివస్తుంది. 34 ఏళ్ల మనిషికి ఇంకా పాతికేళ్ల ఉద్యోగం మిగిలి ఉందన్న లెక్క కూడా వారికి చెప్పండి.

ప్రశ్న: జర్మనీలో ఉద్యోగం ఇప్పిస్తామని ఒక ఏజెంటు మూడు లక్షలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?

సమాధానం: ఇవ్వవద్దు. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి, అది ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో కనబడాలి. నిబంధనల ప్రకారం సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీది పన్ను మించి తీసుకోకూడదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ప్రభుత్వ సంస్థలు, ముందుగా అక్కడికి వెళ్లండి. గల్ఫ్ దేశాలతో సహా, ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి అయిన దేశాలకు నర్సులను 2015 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నియమం ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరా ఉంచకండి.

వెళ్లే ముందు తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. జర్మనీలో పూర్తి నర్సుగా గుర్తింపు పొందడానికి ఆ భాషలో సాధారణంగా బీ2 స్థాయి (ఆరు స్థాయిలలో నాలుగోది) అడుగుతారు. అది చేరడానికి ఏడాదికి పైగా పట్టు విడవకుండా చదవాలి. అక్కడ పేషెంటుకు స్నానం చేయించడం, తినిపించడం, బట్టలు మార్చడం నర్సు పనిలో ముఖ్యభాగం. మన దగ్గర ఆ పనులన్నీ బంధువులో ఆయాలో చేస్తారు గనుక, ఐసీయూలో వెంటిలేటర్ నడిపి వెళ్లిన మన పిల్లలు మొదటి ఆరు నెలలు తమ స్థాయి పడిపోయిందని కుమిలిపోతారు. ఆ పని అక్కడ తక్కువగా చూసే పని కాదు. ఇది ముందే తెలిసి వెళితే ఆ కుమిలిపోవడం సగం తగ్గుతుంది.

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి వార్డు ఇన్‌ఛార్జ్‌ను. 40 పడకలకు రాత్రి ఇద్దరే సిస్టర్లు ఉంటారు. ఇటీవల ప్రసవం తరువాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోయింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న 22 ఏళ్ల అమ్మాయి, గంట తరువాత అదే మంచం తుడిచి, దుప్పటి మార్చి, కొత్త అడ్మిషన్ తీసుకుంది. మరునాటి నుంచి డ్యూటీకి రావడం లేదు, ఫోన్ ఎత్తడం లేదు. డ్యూటీ చార్టు వేసేది నేనే. నా చేతిలో ఏముంది?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండు మూడుసార్లు చదివాను. ముందుగా, మీ చేతిలో లేని దాని గురించి. బోధనాసుపత్రులలో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రులలో అయిదుగురికి ఒకరు, సెలవుల కోసం మరో 30 శాతం అదనం, ఇవి నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన ప్రమాణాలు. 40 మందికి ఇద్దరు ఉన్న రాత్రి ఏం జరిగినా, అది ఆ ఇద్దరి తప్పు మాత్రమే కాజాలదు. మీరు చేయగలిగింది, ప్రతి రాత్రి రిపోర్టు పుస్తకంలో పేషెంట్ల సంఖ్య, సిస్టర్ల సంఖ్య పక్కపక్కనే రాయించడం. నెలాఖరున ఆ అంకెలను ఒక పేజీకి ఎక్కించి సూపరింటెండెంటుకు పంపి, అందినట్టు సంతకం తీసుకోండి. ఎన్ని నెలలైనా ఆపవద్దు. పోస్టులు అడిగే ఫైలుకు ఆ పేజీలే పునాది.

చార్టు మాత్రం నిజంగా మీ చేతిలోనే ఉంది, దాని బలాన్ని తక్కువగా అనుకోకండి. మార్నింగ్, ఆ తరువాత ఈవినింగ్, ఆ తరువాత నైట్, ఈ వరుసలో ముందుకు జరిపితే శరీరం తట్టుకుంటుంది, వెనక్కి తిప్పితే తట్టుకోలేదు. వరుసగా ఆరేడు నైట్లు వేసి తరువాత ఆఫ్‌లన్నీ ఒకేసారి ఇచ్చే పాత అలవాటు కంటే, మూడు నైట్లకు మించకుండా వేసి మధ్యలో విడవడం మంచిది. నైట్ దిగిన రోజును ఆఫ్‌గా లెక్క వేయకండి. ఆ రోజు ఉదయం ఎనిమిది వరకు ఆమె పని చేసింది, ఆ తరువాత నిద్రపోయింది, అందులో సెలవు ఎక్కడుంది? చార్టు రెండు వారాలు ముందుగా గోడ మీద పెట్టండి, ఇంట్లో పెళ్లి ఉన్న అమ్మాయి, పిల్లల పరీక్షలున్న అమ్మాయి వాళ్లలో వాళ్లు మార్చుకోగలుగుతారు. పైవాళ్లు ఎందుకని అడిగితే, రాత్రి షిఫ్టుల పనిని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో వర్గీకరించి, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట చెప్పిందని తెలపండి. అది సిస్టర్లను భయపెట్టడానికి వాడవలసిన సంగతి కాదు, చార్టు మార్చడానికి వాడవలసిన సంగతి. మరొక చిన్న విషయం, మీ వార్డులో సిస్టర్లు షిఫ్టులో ఎన్నిసార్లు బాత్రూంకు వెళ్లగలుగుతున్నారో ఒకసారి అడిగి చూడండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ మన నర్సులకు ఎందుకంత తరచుగా వస్తుందో అర్థమవుతుంది.

ఇక ఆ అమ్మాయి. ఆబ్సెంట్ మెమో ఇంకా పంపకపోతే పంపకండి. ఆమె ఉండే హాస్టలుకో ఇంటికో మీరే వెళ్లండి, వెంట మరొకరిని తీసుకెళ్లవద్దు. ఆ రాత్రి ఏం జరిగిందని విచారణలా అడగవద్దు. "తిన్నావా?" అని అడిగి కూర్చోండి. ఆమె చెప్పడం మొదలుపెడితే మధ్యలో ధైర్యం చెప్పి ఆపకండి. తన వల్లే ఆ తల్లి పోయిందని ఆమె అనుకుంటూ ఉండవచ్చు. రక్తస్రావం ఎప్పుడు మొదలైంది, ఎవరిని ఎప్పుడు పిలిచారు, రక్తం ఎప్పుడు అందింది అనే వరుసను మరో రోజు కేస్ షీట్ ముందు పెట్టుకుని డాక్టరుతో కలిసి ఆమెకు చూపించండి. ఏదైనా పొరపాటు ఉంటే అది ఎక్కడ ఉందో ఆమెకు తెలియాలి, లేకపోతే లేదని ఇంకా స్పష్టంగా తెలియాలి. రెండూ తెలియకుండా ఉండడమే ఆమెను తినేస్తుంది. నిద్ర పట్టకపోవడం, అదే దృశ్యం మళ్లీ మళ్లీ కనబడడం తగ్గకపోతే, మీ ఆసుపత్రి మానసిక వైద్యుని దగ్గరకు మీరే వెంటబెట్టుకుని వెళ్లండి.

మీ వార్డులో ఒక అలవాటు కూడా మొదలుపెట్టవచ్చు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు, పేషెంటు మరణించిన వెంటనే అక్కడున్న అందరినీ ఒక నిమిషం ఆగమని కోరడం మొదలుపెట్టారు. పోయిన మనిషిని తలచుకుని, ఆ మనిషి కోసం అక్కడివాళ్లు చేసిన ప్రయత్నాన్ని తలచుకుని, మౌనంగా నిలబడతారు, ఆ తరువాతే గొట్టాలు తీయడం మొదలుపెడతారు. ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అవసరం లేదు. మన ఇళ్లలో పోయినవారి పక్కన దీపం పెట్టి కాసేపు కూర్చుంటాం కదా, ఆసుపత్రిలో ఆ కాసేపు లేకపోవడమే మన పిల్లలను ఇలా విరుస్తోంది. ఆ మంచం గంటలోపే కావాలంటే కావాలి, కాదనలేము. దానిని తుడిచే పని మాత్రం ఆ తల్లి చేయి పట్టుకుని నిలబడిన అమ్మాయికే అప్పగించకుండా, రెండో సిస్టరుకో ఆయాకో చెప్పవచ్చు.

ఆమె తిరిగి వచ్చిన రోజు నైట్ వేయకండి, మార్నింగ్ వేయండి. వార్డులో ఆ మంచం లేని వైపు ఇవ్వండి, పక్కన ఒక సీనియర్ సిస్టరును ఉంచండి. వారం తరువాత ఇటు వస్తావా అని అడగండి. ఇంకా వద్దంటే ఇంకో వారం ఆగండి.